మిగిలినదియే కొలత

క్రైస్తవ సంఘములలో నేడు ఎక్కువగ వినబడు మాట కానుక. తక్కువగ వినబడు మాట సమర్పణము. మొదటిది రెండవదాని ఫలము కావలసియుండగ, దానికి బదులుగ నిలిచినది. ఆదివారపు ఆరాధనలో కానుకసంచి వరుసవెంట సాగును, నోటు పడును, రసీదు పుస్తకమున పేరు చేరును, సంవత్సరాంతమున సంఘపు లెక్కలు చదువబడును. ఇందు తప్పేమియు లేదు. కాని ఈ యేర్పాటంతయు సవ్యముగ జరిగినచో దేవునికి చెల్లవలసినది చెల్లినదను తృప్తి యొకటి ఇచ్చువాని మనస్సున స్థిరపడుచున్నది. ఆ తృప్తియే ఇచట విమర్శింపబడుచున్నది. సువార్త కోరునది మనుష్యుని ఆదాయములో ఒక భాగమును కాదు, మనుష్యునే. ఆదాయములో భాగమిచ్చి తన్ను తాను దాచుకొనుట భక్తి కాదు. అది మర్యాదగ తప్పించుకొనుట.

ఈ ప్రశ్నను గాలిలో నిలిపి చర్చించుట సులభము. ఒక ఊరిలో, ఒక వీధిలో, నెలజీతముపై బ్రతుకు కుటుంబముల నడుమ నిలిపి చర్చించుట కష్టము. కష్టమైనదానినే యెన్నుకొనుట న్యాయము గనుక భిలాయి ఉక్కునగరములోని సెక్టర్ 4ను తలచుకొనవలెను. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడిక ననుసరించి దుర్గ్ పట్టణ సమీపమున ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. నాడు మధ్యప్రదేశమునకు చెంది, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున చేరిన ఈ నగరమునకు దేశపు నలుమూలలనుండియు జనులు వచ్చిరి. విజయనగరమునుండి రాయపూరునకు పోవు రైలుమార్గము తెలుగువారికి దారియైనది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు సెక్టర్లలో స్థిరపడి, మూడు షిఫ్టుల జీవితమునకు అలవాటుపడి, ఇంట తెలుగును బజారున హిందీని మాటలాడుచు రెండు మూడు తరములు గడపినవి. వారిలో క్రైస్తవులును కలరు. ఉత్తరాంధ్ర సంఘముల పాటలను, ప్రార్థనలను, కానుకల ఆచారమును వారు తమతో తెచ్చుకొనిరి.

సెక్టర్ 4లో నివసించువారికి ఒక సత్యము వేదాంతులకంటె బాగుగ తెలియును. వీధి సంఖ్యయు, క్వార్టరు సంఖ్యయు గల ఆ యిల్లు కర్మాగారముది. ముప్పది సంవత్సరములు అందు కాపురముండవచ్చును. పెరటిలో మామిడిచెట్టు నాటవచ్చును. బిడ్డల పెండ్లిండ్లు చేయవచ్చును. పదవీవిరమణ పిమ్మట తాళపుచెవి అప్పగింపవలసినదే. దీర్ఘకాలపు లీజుకీయబడిన యిండ్లను విడిచినచో, ఆ క్వార్టర్లలో ఇల్లు తనదని చెప్పగలవాడు లేడు. అయినను ఇల్లాలు దానిని నిర్లక్ష్యము చేయదు. సున్నము వేయించును, మొక్కలకు నీరు పోయును, వచ్చిన చుట్టమునకు ఆ యింటనే అన్నము పెట్టును. తనది కానిదానిని శ్రద్ధతో వాడి, అడిగిననాడు మారుమాట లేక అప్పగించుటనే సువార్త గృహనిర్వాహకత్వమని పిలిచినది. ఈ పాఠమును ఇంటి విషయమున నేర్చినవాడు ధనము విషయమున మరచుట వింత. జీతమును గూర్చి మాటలాడునపుడు అదియంతయు తనదనియు, అందు పదవవంతు మాత్రము దేవునిదనియు లెక్కించును. పదవవంతు దేవునిదైనచో మిగిలిన తొమ్మిది వంతులెవరివి? ఈ ప్రశ్నకు సంఘములు సూటిగ ఉత్తరము చెప్పుట లేదు.

దశమభాగము నిందింపదగినది కాదు. ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రమున అది లేవీయులకును, పరదేశులకును, తండ్రిలేనివారికిని, విధవరాండ్రకును అన్నము పెట్టిన యేర్పాటు. దానిని ఎగవేసినవారిని మలాకీ ప్రవక్త గద్దించెను. ఇచ్చుట నేర్వనివానికి అది మొదటి మెట్టు. దోషము మెట్టునందు లేదు. మెట్టుమీదనే కూర్చుండి మేడ యెక్కితిననుకొనుటయందున్నది. జీతపు చీటిలో ప్రావిడెంటు ఫండు కోత, ఆదాయపు పన్ను కోత, బీమా కోత వరుసగ నుండును. వాటి క్రింద దేవుని కోత యని మరియొక పంక్తి వ్రాసికొనుటయే నేటి దశమభాగమైనది. కోతలన్నిటికిని ఒక స్వభావము కలదు: అవి పోగా మిగిలినదానిని గూర్చి ఎవరును అడుగరు. పన్ను చెల్లించినవాడు పన్నుల శాఖను మరచి నిద్రించును; అట్లే దేవుని కోత చెల్లించినవాడు దేవుని మరచి నిద్రించును. పుదీనాలోను, జీలకఱ్ఱలోను పదవవంతు లెక్కించి యిచ్చి, న్యాయమును కనికరమును విడిచిన పరిసయ్యులను యేసు నిందించినది ఇందుచేతనే. ఆ పదవవంతును మానుమని ఆయన చెప్పలేదు. దాని చాటున దాగవద్దని చెప్పెను.

దశమభాగపు తృప్తికంటె హానికరమైన బోధ మరియొకటి కలదు. కానుక విత్తనమనియు, ఆశీర్వాదము పంటయనియు, ఇచ్చినవానికి ఈ లోకముననే నూరంతలుగ తిరిగి వచ్చుననియు కొందరు బోధకులు వేదికలమీదను టెలివిజన్ తెరమీదను పలుకుచున్నారు. కొడుకు ఉద్యోగమునకింత, కూతురి వివాహమునకింత, విదేశపు వీసాకింత యని మ్రొక్కుబడులు కట్టించుచున్నారు. ఇది దానము కాదు, చిట్టీ కట్టుట. చిట్టీ కట్టువాడు తనకొరకే కట్టుచున్నాడు. అతనిని లోభి యనుట తప్పు. దాత యనుట అంతకంటె తప్పు. అదిగాక, చిట్టీలో నష్టపడినవాడు దానిని నడపినవానిని నిలదీయగలడు. ఈ వర్తకమున నష్టపడినవానితోనో, నీ విశ్వాసము చాలలేదని చెప్పుదురు. పేదవాడు ధనమును పోగొట్టుకొనుటయే గాక నేరమును కూడ నెత్తిన మోయవలసివచ్చును. దేవుని బాకీదారుగ నిలబెట్టి వడ్డీ యడుగు మాటకు ప్రార్థన యను పేరు చెల్లదు.

ఈ బోధకులు మిక్కిలిగ వాడుకొను కథ యెరూషలేము దేవాలయపు కానుకపెట్టె యొద్ద రెండు కాసులు వేసిన బీద విధవరాలిది. ఆ కథ మార్కు సువార్త 12వ అధ్యాయమున ఏ చోట నున్నదో గమనింపవలెను. దానికి సరిగా ముందు, పొడుగుటంగీలు ధరించి వీధులలో వందనములు కోరుచు విధవల యాస్తిని కబళించు శాస్త్రులను గూర్చి యేసు హెచ్చరించెను. దానికి సరిగా వెనుక, 13వ అధ్యాయపు ఆరంభమున, ఆ దేవాలయమే నేలమట్టమగునని చెప్పెను. ముందు విధవల యాస్తిని కబళించువారు. వెనుక కూలనున్న కట్టడము. నడుమ తన జీవనమంతయు పెట్టెలో వేసిన విధవ. ఈ క్రమమును చూచినవానికి ఆ కథ ఇరువైపుల పదునుగల కత్తిగ కనబడును. ఇచ్చిన విధవ మెచ్చుకొనబడెను. పుచ్చుకొనిన వ్యవస్థ మెచ్చుకొనబడలేదు. ఆమెను ఉదాహరణగ చూపి, పెద్దకట్టడము కొరకు పేదలయొద్ద వసూలు చేయు కాపరి ఆమె ప్రక్కన కాక శాస్త్రుల ప్రక్కన నిలిచినవాడగును. మరియొక విషయము: ధనవంతులు వేసిన మొత్తమెంతో సువార్త లెక్కించి చెప్పలేదు. వారు సమృద్ధిలోనుండి వేసిరని మాత్రము చెప్పినది. వేసిన తరువాతను వారి సమృద్ధి తరుగలేదు. ఆమెకు ఏమియు మిగులలేదు. కానుకకు కొలత పెట్టెలో పడినది కాదు, చేతిలో మిగిలినది. ఈ కొలతతో చూచినచో ఏ సంఘమునందైనను దాతల పట్టిక తారుమారగును.

ఇట్టి కొలతతో జీవించుట సాధ్యమా యను సందేహమునకు తెలుగునాటి చరిత్రయే ఉత్తరము చెప్పును. ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడుండెను. 1795లో జన్మించిన అతనికి మంచి రాబడిగల వృత్తి అబ్బినది. అతడును భార్య మేరీయు మొదట ఆదాయములో పదవవంతును, తరువాత నాలుగవవంతును, కడపట అవసరమునకు మించినదంతయు ఇచ్చివేయసాగిరి. 1825లో అతడు క్రైస్తవ సమర్పణమును గూర్చి ఒక చిన్నపుస్తకము ప్రకటించెను. భూమిమీద ధనము కూర్చుకొనవద్దను క్రీస్తు మాట అలంకారము కాదనియు, అక్షరాల ఆజ్ఞయేయనియు అందలి వాదము. వ్రాసి ఊరకుండలేదు. 1829లో వృత్తిని విడిచి కుటుంబముతో బాగ్దాదునకు బయలుదేరెను. 1831లో ఆ నగరమును మహామారియు వరదయు ముంచెత్తగ, భార్యయు పసికూతురును మరణించిరి. 1833లో భారతదేశమునకు వచ్చి కొంతకాలము సంచరించి, ఇంగ్లండునకు పోయి, 1836లో తిరిగి వచ్చునపుడు బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరిని వారి భార్యలతో కూడ వెంటబెట్టుకొని వచ్చెను. ఒకరు రాతిపనివారు; మరియొకరు చెప్పులు కుట్టువారు. నెలనెల జీతమంపు మిషను సంఘమేదియు వారి వెనుక లేదు. వారు మచిలీపట్టణమున తెలుగు నేర్చి, నరసాపురము కేంద్రముగ గోదావరి డెల్టాకు తమ జీవితములనిచ్చిరి. సమర్పణము చదువుకొన్నవారికో, సన్న్యాసులకో చెల్లునది గాని చేతిపనివారికి చెల్లునది కాదనువారు ఆ ఇద్దరిని ఎదుర్కొనవలెను.

గ్రోవ్స్ జీవితమును విజయగాథగ మాత్రమే చెప్పుట అసత్యమగును. అతడు చిత్తూరున స్థిరపడి, పరుల ధనముపై ఆధారపడరాదను తలంపుతో వ్యవసాయమును, పట్టుపురుగుల పెంపకమును చేపట్టెను. ఆ ప్రయత్నము ఫలింపలేదు. అప్పులు మీదపడినవి, ఆ భారము అతనిని చాలకాలము బాధించినది. 1853లో అతడు బ్రిస్టలు నగరమున మరణించెను. విత్తనపు బోధకుల సూత్రము నిజమైనచో, సర్వస్వమును విత్తిన గ్రోవ్స్ చిత్తూరు మండలమున అందరికంటె ధనవంతుడు కావలసినది. కాలేదు. అతని విశ్వాసము తక్కువయని చెప్పగల ధైర్యము ఎవరికున్నది? సమర్పణమునకు లాభము హామీ కాదు. లాభము హామీయైన చోట సమర్పణమను మాటకే అర్థము లేదు.

గ్రోవ్స్ పరదేశి యని త్రోసివేయువారికి కాకినాడ థామస్ గాబ్రియేలు కథ చాలును. ఆయన తెలుగువాడు, ప్రభుత్వ తంతిశాఖలో ఉద్యోగి. నాటి తంతిశాఖ తరువాతి కాలపు ఉక్కు కర్మాగారము వంటిది: క్రొత్త యంత్రము, నెలజీతము, నలుగురిలో మర్యాద. ఆయన ఆ ఉద్యోగమును విడిచి కాకినాడయందు స్వతంత్రముగ బాప్తిస్టు సువార్తసేవ నారంభించెను. పని పెరిగినది, దానితోపాటు ఋణమును పెరిగినది. కడకు ఆయన కెనడా బాప్తిస్టుల సహాయము కోరగ, 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడకు వచ్చి ఆ కార్యమును చేపట్టెను. 1875లో గాబ్రియేలు మరణించెను. తరువాత కాకినాడనుండి శ్రీకాకుళమువరకు కెనడా బాప్తిస్టుల సంఘములు, పాఠశాలలు, ఆసుపత్రులు పెరిగినవి. మిషను చరిత్రలు కెనడావారి రాకతో మొదలుపెట్టుట సులభము. కాని ఆ రాకకు ముందు ఒక తెలుగు ఉద్యోగి పోగొట్టుకొనిన జీతమున్నది. ఉత్తరాంధ్రనుండి భిలాయికి వచ్చిన క్రైస్తవ కుటుంబములలో పలువురి విశ్వాసపు మూలధనము అదియే. ఉద్యోగము విడిచినవాని వారసులు ఉద్యోగము చేయుచు పదవవంతుతో సరిపెట్టుకొనుట ఆలోచింపదగిన విషయము.

కానుక వర్తకము కారాదను నియమము పుచ్చుకొనువానికే గాక ఇచ్చువానికిని వర్తించును. 1876–78 కరువున ఒంగోలు అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును కాంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారికి ఆయన దానినీయక నిలిపెను. అన్నముతో ఆత్మలను కొన్నాడను మాటకు తావీయరాదని ఆయన యుద్దేశము. కరువుపనులు ముగిసిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. వారి నడుమ 1866లో బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య అంతకుముందే ఊరూర తిరిగి సువార్తను చాటియుండెను. ఇచట గ్రహింపవలసినది సంఖ్య కాదు. అన్నము పెట్టిన చేయి ప్రతిఫలమడుగక ఆగగలిగినది. నేడు గోడకు పంకా యిచ్చినవాడు పంకారెక్కలమీద పేరు వ్రాయించుచున్నాడు; బల్ల యిచ్చినవాడు బల్లవీపున తాత పేరు చెక్కించుచున్నాడు. ఇచ్చి మరచుట చేతకానివాడు ఇచ్చినట్లు కాదు, అరువు పెట్టినట్లు.

పేదవానిని కానుక యడుగుట క్రూరత్వమని మరికొందరందురు. ఈ మాటయందు దయ ఉన్నట్లు తోచును. కాని దోర్నకల్లు అనుభవము దీనికి విరుద్ధము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగ అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడయ్యు తెలుగునాట దోర్నకల్లును తన కార్యస్థానముగ చేసికొనెను. ఆయన మందలో అధికులు భూమిలేని మాల, మాదిగ కూలీలు. బీదవాడు ఎల్లప్పుడు పుచ్చుకొనువాడుగనే ఉండవలెననుట అతని మనుష్యత్వమును తగ్గించుటయని ఆయన యెంచెను. క్రైస్తవ దానమును గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథము వ్రాసెను. తెలుగు పల్లె సంఘములలో గృహిణి వంటకు ముందు పిడికెడు బియ్యము వేరు కుండలో వేయుటయు, కోతపండుగనాడు ధాన్యమును, కోళ్లను, గుమ్మడికాయలను తెచ్చి సమర్పించుటయు ఆచారములైనవి. పిడికెడు బియ్యమునందు ఒక విశేషమున్నది. అది తిన్నపిమ్మట మిగిలినదానిలోనిది కాదు, వండకముందే తీసినది. ఆ పూట ఆ యింట ఎవరో ఒకరు, తరచుగ ఆ గృహిణియే, పిడికెడు తక్కువ తినును. ఛత్తీస్‌గఢ్ పల్లెలకును ఇట్టి యౌదార్యము క్రొత్త కాదు. పుష్య పూర్ణిమనాడు ఛేర్ఛేరా పండుగకు పిల్లలు ఇంటింటికి వచ్చి క్రొత్తధాన్యమడుగుదురు. లేదనుట ఆ దినమున గృహస్థునకు తగదు. భిలాయి తెలుగు క్రైస్తవునకు ఒకవైపు తాతలనాటి బియ్యపుకుండ, మరియొకవైపు పొరుగుపల్లె ఛేర్ఛేరా. రెంటి నడుమ అతని కోత లెక్క మిక్కిలి చిన్నదిగ కనబడును.

ఈ వాదమునకు రెండు గట్టి ఆక్షేపణలు కలవు; వాటిని దాటిపోరాదు. మొదటిది కుటుంబ ధర్మము. పదవీవిరమణతో క్వార్టరు పోవును. తలదాచుకొన ఇల్లు కావలెను. బిడ్డల చదువులు, తలిదండ్రుల వైద్యము కలవు. ఇట్టివానిని ఉన్నదంతయు ఇచ్చివేయుమనుట న్యాయమా? న్యాయము కాదు. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికర్పితమను నెపముతో ఎగవేసినవారిని యేసు మార్కు సువార్త 7వ అధ్యాయమున తీవ్రముగ ఖండించెను. బిడ్డల ఫీజు కట్టక సంఘమున పేరు తెచ్చుకొనువాడు దాత కాదు. అపొస్తలుడైన పౌలు కూడ కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, ఒకరి భారము తొలగించుటకు మరియొకరిని అణచివేయుట తన యుద్దేశము కాదనియు, సమానత్వమే తాను కోరునదనియు స్పష్టముగ చెప్పెను. కాని ఈ సమాధానముతో నిద్రపోవుటకు వీలులేదు. ఇల్లు అవసరము, రాయపూరున ఒక స్థలము, విశాఖపట్టణమున ఒక ఫ్లాటు, వాటికి తోడు తాళము వేసిన మూడవ యిల్లు అవసరములా? బిడ్డ వివాహము ధర్మము. ఎదురింటివానికి తీసిపోరాదని చేయు వివాహము ధర్మమా? అవసరము ఎచట ఆగినదో, భయమును గర్వమును ఎచట మొదలైనవో ప్రతి కుటుంబమునకు తెలియును. ఆ గీటును దేవుని యెదుట నిజాయితీతో గీయుటయే సమర్పణము. దానిని ఇతరులు గీయలేరు. కాపరి అసలే గీయరాదు.

రెండవ ఆక్షేపణ అపనమ్మకము. ఇచ్చిన ధనము పెద్దల తగవులకును, కోర్టు ఖర్చులకును, నాయకుల వాహనములకును పోవుచుండగ ఎందుకీయవలెనని అడుగువారు కలరు. ఈ ప్రశ్న అవిశ్వాసము కాదు. జవాబు చెప్పవలసినవారు దానిని అవిశ్వాసమని పిలుచుట అన్యాయము. యెరూషలేము పేదలకొరకు చందా వసూలు చేసిన పౌలు ఆ ధనమును ఒంటరిగ మోయలేదు; సంఘములు ఎన్నుకొనిన మనుష్యులను తోడు తీసికొని, దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను నిందలేకుండ జాగ్రత్తపడెను. లెక్కలు తెరచి చూపని సంఘమునకు త్యాగమును బోధించు అర్హత లేదు. అయినను లెక్కలు చెడినవను సాకుతో చేయి ముడుచుకొనువాడు ఒక చిన్న ప్రశ్నకు ఉత్తరమీయవలెను: సంఘమునకీయని ఆ ధనమును అతడు ఎవరికిచ్చినాడు? అదే వీధిలో రోగియున్నాడు, భర్తను పోగొట్టుకొనిన స్త్రీ యున్నది. వారి చేతిలో పెట్టుటకు రసీదు అక్కరలేదు. అక్కడను ఈయనిచో, అపనమ్మకము కారణము కాదు, ముసుగు.

భిలాయి కొలిమికి ఇనుపరాయి దల్లీ రాజహరా గనులనుండి వచ్చును. సర్వసమర్పణమను మాట క్రైస్తవునికి మాత్రమే తెలిసినదని గర్వించువాడు ఆ గనులవైపు చూడవలెను. 1977లో ఆ గనుల కాంట్రాక్టు కూలీలు శంకర్ గుహా నియోగి నాయకత్వమున సంఘముగ నేర్పడిరి. ఆ యేడే పోలీసు కాల్పులలో వారిలో పలువురు మరణించిరి. మృతుల స్మృతికొరకు ఆ కూలీలు విగ్రహము నిలుపలేదు. తమ చందాలతో, తమ శ్రమతో ఒక ఆసుపత్రిని కట్టుకొనిరి. 1983లో అది షహీద్ ఆసుపత్రి యను పేర తెరువబడెను. 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయిలో హత్య చేయబడిన పిమ్మటను ఆసుపత్రి నిలిచినది. ఇచ్చినవారు దినకూలీలు; పదవవంతు సూత్రము వారికెవరును బోధింపలేదు; నూరంతల పంటను ఎవరును వాగ్దానము చేయలేదు. తమవారు వైద్యము లేక చావరాదను ఒక్క పట్టుదల వారిచే ఇప్పించినది. స్థిరమైన జీతము గలిగి, సిలువను గోడకు తగిలించుకొని, వారిలో సగమైన ఈయనివానికి ఆ గోడలు సిగ్గు నేర్పవలెను. సమరయుని కథ చెప్పినపుడు యేసు చేసినదియు ఇదియే. యాజకుని సిగ్గుపరచుటకు పరాయివానిని చూపెను.

కొలిమిపని యెరిగినవారికి మరియొక విషయము వివరింప నక్కరలేదు. బ్లాస్టు ఫర్నేసును ఇష్టము వచ్చినపుడు వెలిగించి, ఇష్టము వచ్చినపుడు ఆర్పుటకు వీలుకాదు. ఒకసారి రాజుకొన్నది యేండ్ల తరబడి పగలు రాత్రి మండవలెను. అందుచేతనే మూడు షిఫ్టులు. అందుచేతనే పండుగనాడును పని. లోపలి వేడి మితిమీరి తగ్గినచో కరిగిన లోహము అడుగున గడ్డకట్టి కొలిమినే పాడుచేయును. చల్లనిదియు కాక వేడిదియు కాక నులివెచ్చగ నున్న లవొదికయ సంఘమును ప్రకటన గ్రంథము ఎందుకు అసహ్యించుకొన్నదో ఇతరులకు వ్యాఖ్యానము కావలెను గాని భిలాయి కార్మికునకు అక్కరలేదు. ఆదివారము రెండుగంటలు రాజుకొని తక్కిన వారమంతయు చల్లారు భక్తి ఏ లోహమును కరిగింపజాలదు.

అట్లైన సెక్టర్ 4 క్రైస్తవుడు చేయవలసినదేమి? ఉద్యోగము విడిచి గాబ్రియేలు కావలెనని అందరిని ఎవరును ఆజ్ఞాపింపలేరు. ఉద్యోగమునందుండియే చేయదగినవి చాలియున్నవి. ఒకే కర్మాగారమున, ఒకే వేడిలో, ఒకే ప్రమాదముల నడుమ పర్మనెంటు కార్మికుడును, ఠేకా మజ్దూరును పనిచేయుదురు. ఇద్దరి జీతములకు పొంతన లేదు. ఆ రెండవవాడు గాయపడినపుడు ప్రక్కన నిలిచి సాక్ష్యము చెప్పుట కానుక. రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్ర మానుకొని రోగిని ఆసుపత్రికి తోడ్కొనిపోవుట కానుక. భర్త మరణముతో క్వార్టరు ఖాళీ చేయవలసిన స్త్రీకి తమ యింట ఒక గది యిచ్చి, కాగితములపని ముగియువరకు కార్యాలయములచుట్టు తిరుగుట కానుక. రెండవ స్థలము కొనక ఒక కూలివాని కూతురిని చదివించి, ఆ మాట ఆమెకును తెలియనీయకుండుట కానుక. వీటిలో ఏదియు సంఘపు రసీదు పుస్తకమున చేరదు. అన్నియు ఇచ్చువాని చేతిలో ఏదో ఒకటి తగ్గించును: నిద్రయో, సుఖమో, పేరో, భవిష్యత్తును గూర్చిన ధీమాయో.

తగ్గినదా లేదా యనునదియే పరీక్ష. మాసిదోనియ సంఘములు నిరుపేదలయ్యు ఔదార్యము చూపుటకు కారణము చెప్పుచు పౌలు వారు ముందుగ తమ్మును తాము ప్రభువునకిచ్చుకొనిరని వ్రాసెను. క్రమము అది. తన్ను తానిచ్చుకొనినవాడు ధనమిచ్చుటకు ప్రత్యేకముగ కష్టపడడు; ధనము అతనితోపాటు వెళ్లును. తన్ను తానీయనివాడు ఎంత ధనమిచ్చినను తనకు బదులుగ దానిని పంపించినవాడే. దేవుడు బదులుమనిషిని అంగీకరించినట్లు సువార్తలో ఎక్కడను లేదు. వచ్చు జీతపుదినమున దశమభాగము లెక్కించువాడు లెక్కించనీ. కాని ఆ లెక్క ముగిసినపిమ్మట కాగితమును మడువక, మిగిలిన తొమ్మిది వంతులు ఎవరివని అడిగి, ఉత్తరము వ్రాసిన తరువాత మడువవలెను.